ఏడు రాత్రులు, ఒక కాగితం

వంటలో ఏది కష్టమని రోజూ పొయ్యి ముందు నిలబడేవాళ్లను అడిగి చూడండి. పిండి రుబ్బడమనీ గిన్నెలు తోమడమనీ చెప్పరు. "ఈ పూటకి ఏం చెయ్యాలా అని ఆలోచించడమే కష్టం" అంటారు. చేతికి ఒకసారి పని దొరికాక అది అదే సాగిపోతుంది. కూర తరగడం, పోపు పెట్టడం, పప్పు మెదపడం అలవాటైన పనులు. సాయంత్రం ఆరున్నరకి ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పి, ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడే ఆ రెండు నిమిషాలున్నాయే, అవి మనిషిని అలసట పెడతాయి. లోపల నాలుగు వంకాయలు, వాడిన కొత్తిమీర, సగం కోసిన సొరకాయ ఉంటాయి. ఇంట్లో ఐదుగురు. ఒకరికి వంకాయ పడదు, ఒకరు రాత్రిపూట అన్నం మానేశారు, ఇంకొకరు పొద్దున తిన్న కూరే మళ్లీ పెడితే ముట్టరు. ఇదంతా రోజూ, ఏ విరామమూ లేకుండా, ఎక్కువ ఇళ్లలో ఒక్క ఆడమనిషి తలలోనే జరుగుతుంది.

వంట ఎలా చెయ్యాలో చెప్పే పుస్తకాలకు మనకు లోటు లేదు. మాలతీ చందూర్ ‘వంటలు–పిండివంటలు’ మన ఇళ్లలో తరాలు మారినా ఉంటూనే ఉంది. కానీ బుధవారం రాత్రి మీ ఇంట్లో ఏం వండాలో ఏ పుస్తకమూ చెప్పలేదు. అది ఆ ఇంటి మనుషుల్ని, ఆ ఇంటికి దగ్గరి మార్కెట్‌ని, ఆ ఇంట్లో ఎవరు ఎన్నింటికి వస్తారన్నదాన్ని బట్టి తేలే సంగతి. ఆ పని ఇంటివాళ్లే చేసుకోవాలి. అలా చేసుకున్న పని ఒకటి నేను దగ్గరగా చూశాను. ఎంత చూస్తే అంత ముచ్చటేసింది. కూకట్‌పల్లిలో మా అన్నయ్య వాళ్లింట్లో, ఫ్రిజ్ పక్కన గోడకు అంటించి ఉండే మా వదిన కాగితం అది.

మా వదిన బ్యాంకు ఉద్యోగి. అన్నయ్య, తను, ఇద్దరు పిల్లలు, మా అమ్మ – ఐదుగురు. కాగితం మామూలు తెల్ల కాగితమే. నిలువుగా మూడు గళ్లు. ఎడమవైపు ఏడు రాత్రుల వంట. మధ్యలో సన్నటి గడి, దాని పైన ‘ముందుపని’ అని రాసి ఉంటుంది. కుడివైపు ఆదివారం తేవాల్సిన కూరగాయలు, ఎంతెంతో సహా. ఈ కాగితాన్ని తను వారం వారం కొత్తగా రాయదు. ఒకసారి కుదిరిన దాన్ని జిరాక్సులు తీయించి పెట్టుకుంది. ప్రతి ఆదివారం ఒక కొత్త కాపీ గోడెక్కుతుంది. పెన్సిలుతో ఒకటి రెండు మార్పులు, ఇంట్లో ఇంకా మిగిలి ఉన్నవాటి మీద ఒక గీత, అంతే. మార్కెట్‌కి వెళ్లేవాళ్లు ఫోన్‌లో దాన్ని ఫొటో తీసుకుని వెళ్తారు.

మొదటిసారి చూసినప్పుడు ఆ కుడివైపు జాబితా ఇంత చిన్నదేమిటా అనుకున్నాను. పప్పు లేదు, నూనె లేదు, చింతపండు లేదు. అందులో లేనివాటిని వరసగా తలచుకుంటూ పోతేనే ఆ పనితనం అర్థమవుతుంది. మన వంటింటి సరుకులు నాలుగు లెక్కల్లో నడుస్తాయి. ఏడాదికోసారి వచ్చేవి కొన్ని: ఎండాకాలంలో పెట్టే ఆవకాయ, ఎండబెట్టిన వడియాలు, ఊరమిరపకాయలు, ఆడించి పెట్టుకున్న కారం, కొత్తపంట చింతపండు. నెలకోసారి కిరాణా కొట్టు నుంచి వచ్చే వెచ్చాలు: పప్పులు, నూనె, ఇడ్లీ రవ్వ, పోపు సామాను. వారానికోసారి కూరగాయలు. రోజూ పాలు, పెరుగు. మా వదిన ఈ నాలుగింటినీ ఒకదానితో ఒకటి కలవనివ్వదు. కందిపప్పు నెల జాబితాలో ఉంటుంది. తాండూరు కందిపప్పే కావాలని అక్కడ రాసి ఉంటుంది కూడా. 2022లో దానికి భౌగోళిక గుర్తింపు రావడానికి చాలా ముందునుంచే మా అమ్మ పట్టుదల అది, త్వరగా ఉడుకుతుందని, రుచి వేరని. నెల జాబితాలో ఉన్నదాన్ని వారం కాగితం మళ్లీ తలచుకోదు. అందుకే ఆ కాగితం చిన్నది. వారం తిరిగేలోపు పాడైపోయేవి, లేదా వారంలోనే వాడెయ్యాల్సినవి – వాటికి మాత్రమే అందులో చోటు.

చాలామంది వారం వంటల పట్టిక రాసుకోబోయి రెండో వారానికే వదిలేసేది ఇక్కడే. ఉప్పు నుంచి కొత్తిమీర దాకా అన్నీ ఒకే చీటీలో కుక్కితే, దాన్ని ప్రతివారం సరిచూసుకోవడమే ఒక పెద్ద పనవుతుంది.

ఇక ఎడమవైపు గడికి వద్దాం. ఆదివారం పొద్దున కూరగాయలు వస్తాయి. ఆ రాత్రి మధ్యాహ్నం వండిన కోడిపులుసే జొన్నరొట్టెలతో సరిపోతుంది. సోమవారం ఆకుకూర పప్పు. మంగళవారం బెండకాయ వేపుడు, టమాటా చారు. బుధవారం కోడిగుడ్డు టమాటా కూర, చపాతీ. గురువారం ఎదుట ఏమీ లేదు, దాని గురించి తర్వాత చెబుతాను. శుక్రవారం సొరకాయ మజ్జిగ పులుసు, ఆలుగడ్డ వేపుడు. శనివారం టిఫిను.

చూడ్డానికి ఏ ఇంట్లోనైనా ఉండే వంటలే. గొప్పదనం వంటల్లో లేదు, వాటి వరసలో ఉంది. ఆకుకూర కట్ట విప్పిన మర్నాటికే నీరుగారడం మొదలుపెడుతుంది. అందుకే దానిది మొదటి రాత్రి. బెండకాయ రెండు రోజులు నవనవలాడుతుంది, మూడో రోజుకి ముదురుతనం తెలుస్తుంది, కొస విరిస్తే తెగకుండా వంగుతుంది. దానిది రెండో రాత్రి. బెండకాయలు బాగోకపోతే ఆ స్థానంలో దొండకాయలు వస్తాయి, కానీ అవీ మంగళవారమే. గురువారం దాకా ఉంచితే కోసేసరికి లోపల ఎర్రగా పండిపోతాయి, పిల్లలు ముట్టరు. టమాటా సంగతి వేరే. ఆదివారం గట్టిగా ఉన్నవి బుధవారానికి మెత్తబడి, గుడ్డు కూరకి కావలసిన పులుపుతో గుజ్జుగా మగ్గుతాయి. అంటే మూడు రోజులు ఆగడం వల్ల బాగుపడే కూరగాయకి మూడో రోజు తర్వాత చోటు ఇచ్చింది. కొయ్యని సొరకాయ శుక్రవారం దాకా ఫ్రిజ్‌లో చెక్కుచెదరదు. ఆలుగడ్డలు అసలు ఫ్రిజ్ మొహమే చూడవు. ఉల్లిపాయల బుట్టకి దూరంగా, గూటి కింద చీకట్లో ఉంటాయి. రెండూ ఒకచోట ఉంటే త్వరగా మొలకలు వస్తాయి.

అంటే ఆ వరస రాసింది ఒక రకంగా కూరగాయలే. తను వాటి ఆయుష్షు చదివి, ఏది ముందు పోతుందో దాన్ని ముందు వాడి, ఏది ఆగగలదో దాన్ని వారం చివరికి నెట్టింది. ‘రుచి మారాలి కదా, ఒకరోజు పప్పు, ఒకరోజు వేపుడు’ అని మొదలుపెట్టే పట్టికలన్నీ ఈ సంగతి మర్చిపోతాయి. రుచి మార్పు మా వదిన పట్టికలోనూ ఉంది. పప్పు, వేపుడు, ఇగురు, పులుసు, టిఫిను – ఒకదాని వెంట ఒకటి ఎక్కడా రెండుసార్లు రాదు. అయితే అది వరసకి లోబడి వచ్చింది, వరసని చెడగొట్టి రాలేదు.

ఇంకో చిన్న సంగతి. సోమవారం ఎదుట ‘పాలకూర పప్పు’ అని లేదు. ‘ఆకుకూర పప్పు’ అని ఉంది. ఎందుకంటే ఏ ఆకుకూర అన్నది మార్కెట్ చెప్పాలి. తోటకూర లేతగా ఉంటే తోటకూర, చుక్కకూర బాగుంటే చుక్కకూర. గోంగూర దొరికితే చింతపండు అక్కర్లేని పప్పు. కూకట్‌పల్లి రైతుబజారులో పొద్దున్నే వెళ్తే నాలుగైదు రకాల ఆకుకూరలు కుప్పలుగా ఉంటాయి, వాటిలో ఏది ఆ పూట తెల్లారి కోసిందో చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ బజార్ల వల్ల దళారీ లేకుండా రైతు దగ్గర కొనే వీలు కలిగింది. అక్కడ ఏ రోజు ధర ఆ రోజు బోర్డు మీద రాసి ఉంటుంది. బెండకాయ ధర మండిపోతున్న రోజున ఆ బోర్డు చూసి దొండకాయకి మారడం మా అన్నయ్యకి కూడా వచ్చేసింది. కాగితం మీద ‘బెండ/దొండ’ అని గీత కొట్టి రెండూ రాసి ఉండడం వల్ల ఆ నిర్ణయం కోసం ఇంటికి ఫోన్ చెయ్యాల్సిన పని లేదు. గట్టిగా ఉండాల్సిన చోట గట్టిగా, వదులుగా ఉండాల్సిన చోట వదులుగా రాయడం తెలిసిన చెయ్యి అది.

కుడివైపు జాబితా దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. పైనుంచి కిందికి ఇలా ఉంటుంది: ఉల్లిపాయలు రెండు కిలోలు, ఆలుగడ్డలు కిలో, సొరకాయ ఒకటి, క్యారెట్ అరకిలో, కీరా నాలుగు, బెండ/దొండ ముప్పావు కిలో, పచ్చిమిర్చి పావుకిలో, అల్లం వంద గ్రాములు, నిమ్మకాయలు ఆరు, టమాటాలు కిలోన్నర, ఆకుకూర నాలుగు కట్టలు, కొత్తిమీర, కరివేపాకు. పిల్లల డబ్బాలకు, మధ్యాహ్నం వంటకు కావలసినవి కింద వేరే రెండు వరసల్లో ఉంటాయి. ఇదేం వరస? అక్షరక్రమం కాదు, వండే క్రమం కాదు, ధరల క్రమం అసలే కాదు. సంచిలో పడే క్రమం! బరువైనవి, నలగనివి ముందు కొంటారు, సంచి అడుక్కి వెళ్తాయి. వాటి మీద బెండకాయలు, వాటి మీద టమాటాలు. ఆకుకూర చిట్టచివర కొంటారు, అన్నిటికంటే పైన కూర్చుంటుంది. ఎండలో తిరిగే సేపూ చేతిలో వాడిపోకుండా ఉంటుంది. కాగితం చూసుకుంటూ పైనుంచి కిందికి కొనుక్కుపోతే చాలు, ఇంటికి వచ్చేసరికి ఒక్క టమాటా చిట్లదు.

ఇప్పుడు రెండు గళ్లనీ పక్కపక్కన పెట్టి చూడండి. ఎడమ గడిలో పైన ఉన్నది ఆకుకూర, కింద ఉన్నది ఆలుగడ్డ. కుడి గడిలో పైన ఉన్నది ఆలుగడ్డ, కింద ఉన్నది ఆకుకూర. నలిగిపోయేదాన్ని చివర కొని మొదట వండుతారు. మొద్దుగా ఉండేదాన్ని మొదట కొని చివర వండుతారు. ఒకదానికి ఒకటి తలకిందులుగా ఉన్న ఆ రెండు వరసలూ ఒకే ఆలోచన నుంచి పుట్టాయని తెలిసినప్పుడు, నిజంగా చెబుతున్నాను, ఒక మంచి నేత చీర అంచు చూసినప్పటి ఆనందం కలిగింది. ఇది కావాలని చేశావా అని అడిగితే వదిన, "అలా చెయ్యకపోతే టమాటాలు పగిలేవి కదా" అంది. అంతకంటే అందులో తనకి గొప్పేమీ కనపడలేదు.

పాళ్లు కూడా ఊరికే వేసినవి కావు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల ఆహార మార్గదర్శకాలను కొత్తగా విడుదల చేసింది. రోజుకు 2000 కిలో కేలరీల లెక్కన మనిషికి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, పప్పుధాన్యాలూ గుడ్లూ మాంసం వంటివన్నీ కలిపి 85 గ్రాములు, బియ్యం గోధుమ వంటి ధాన్యాలు 250 గ్రాములు ఉండాలని అందులో ఉంది. మన ఇళ్లలో దీనికి సరిగ్గా ఎదురు. అన్నం గుట్టగా, కూర అంచుకి. వదిన ఆ 400 గ్రాముల్లో సగం రాత్రిపూటకి రావాలని లెక్కేసుకుంది. ఐదుగురికి కిలో. మంగళవారం చూడండి: ముప్పావు కిలో బెండకాయ, చారులోకి పావుకిలో టమాటా, మొత్తం కిలో. సోమవారం పప్పులో ఆకుకూర నాలుగు కట్టలు ఉడికితే గుప్పెడవుతుంది కాబట్టి ఆ రోజు కంచాల్లో కీరా, క్యారెట్ ముక్కలు కూడా పడతాయి. అమ్మకి షుగరు. తనకి అన్నం తగ్గించడానికి ఎవరూ వేరే చెప్పనక్కర్లేకుండా, కూర ఎక్కువ ఉంటే అన్నం దానంతట అదే తగ్గింది. పప్పుకి ఒక గ్లాసు కొలత. గ్రాముల లెక్క వదిన వేసింది ఒక్కసారే. ఆ తర్వాత గ్లాసులూ కట్టలే.

గురువారం దగ్గరికి వస్తున్నాను. "గురువారం ఎందుకు రాయలేదు వదినా?" అంటే, "అది రాయకూడదు. అప్పటికి ఏదో ఒకటి మిగిలి ఉంటుంది చూడు" అంది. ఏ వారమూ అనుకున్నట్టు నడవదు. సోమవారం ఎవరో పెళ్లి రిసెప్షన్‌కి పిలుస్తారు, ఆ రాత్రి పప్పు ఉండదు, ఆకుకూర మంగళవారానికి జరుగుతుంది, బెండకాయ బుధవారానికి, గుడ్డు గురువారానికి. ఖాళీ లేని పట్టికలో ఒక్క రాత్రి తప్పితే ఆ తర్వాతవన్నీ తప్పుతాయి, చివరికి ఏదో ఒకటి కుళ్లి చెత్తబుట్టలో పడుతుంది. ఆ ఖాళీ గురువారం ఈ జరుగుళ్లన్నిటినీ తనలోకి తీసుకుంటుంది. వారం మధ్యలో ఉండడంలోనే దాని బలం. మొదట్లో పెడితే అప్పటికి ఏదీ తప్పి ఉండదు. చివర్లో పెట్టడానికి వీల్లేదు, ఎందుకంటే శనివారం అమ్మ వెంకటేశ్వరస్వామికని అన్నం తినదు, అది కదిలే రాత్రి కాదు. శుక్రవారానికేమో పెరుగు ఆధారం, అదీ కదలదు. కదలనివాటికి ముందు, కదిలేవాటి వెనుక, ఆ ఒక్క చోటే ఖాళీకి పనికొస్తుంది.

మరి ఏదీ జరగని వారం? ఆ గురువారానికి కాగితం అడుగున ఒక వరస రాసి ఉంది: ‘ముద్దపప్పు, పచ్చిపులుసు, వడియాలు.’ కూరగాయలేవీ లేకుండా నడిచే భోజనం ఇది. పచ్చిపులుసు పొయ్యి ఎక్కాల్సిన అవసరమే లేదు. చింతపండు రసంలో ఉల్లిపాయ ముక్కలు, కాల్చిన పచ్చిమిర్చి పిసికి, కొత్తిమీర వేస్తే అయిపోయింది. వదిన పుట్టింటిది నిజామాబాద్ వైపు కాబట్టి అందులో కాస్త నువ్వుల పొడి కూడా పడుతుంది. కుక్కరులో పప్పు ఉడికేలోపు వడియాలు వేగిపోతాయి. ఏడాది లెక్కలో ఎండలో పడి ఎండిన వడియాలు ఈ రాత్రి పనికొస్తున్నాయి. వదిన కాగితం ధైర్యంగా ఒక రాత్రిని ఖాళీగా వదిలెయ్యగలిగిందంటే, అటక మీద ఆవకాయ జాడీ, డబ్బాలో కందిపొడి ఉన్నాయన్న భరోసా వల్లే.

శుక్రవారం పెరుగు మీద ఆధారపడిందన్నాను. రోజూ రాత్రి భోజనాలయ్యాక అడుగున మిగిలిన గరిటెడు పెరుగుని ఒక గిన్నెలోకి తోడి ఫ్రిజ్‌లో పెడతారు. సోమవారం నుంచి గురువారం దాకా పోగైన ఆ పెరుగుని శుక్రవారం పొద్దున బయట పెడితే సాయంత్రానికి మజ్జిగ పులుసుకి సరిపడా పులుస్తుంది. తియ్యటి పెరుగుతో మజ్జిగ పులుసు చేస్తే అది పులుసే కాదు. ఎవరైనా తియ్యటి పెరుగులో నిమ్మరసం పిండి చేస్తారేమో గానీ మా అమ్మ ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే మంచిది. సొరకాయ ముక్కలు విడిగా ఉడికించి, శనగపిండి కలిపిన మజ్జిగ పోసి, సన్నటి సెగ మీద విరగకుండా కలుపుతూ మరగనిచ్చి, మెంతులు, ఆవాలు, ఎండుమిర్చితో పోపు పెడితే, ఇంట్లో వృథాగా పోవాల్సిన నాలుగు గరిటెల పెరుగు ఐదుగురికి భోజనమవుతుంది. పారబోసేదాన్ని మళ్లీ వాడుకోవడం అందరూ చేసేదే. దానికి ముందే ఒక రాత్రి కేటాయించి, మిగులు వస్తుందని తెలిసి దాని కోసం సొరకాయ కొనిపెట్టడం మాత్రం అందరూ చెయ్యరు.

శనివారం టిఫినుకి పని శుక్రవారం మధ్యాహ్నం నుంచే మొదలవుతుంది. ఇక్కడ మధ్యగడి, ‘ముందుపని’, చూడాలి. శుక్రవారం ఎదుట ‘మినప్పప్పు – అమ్మ – 1 గం.’ అని ఉంటుంది. అందరూ బయటికి వెళ్లిపోయాక మధ్యాహ్నం ఒంటిగంటకి అమ్మ రెండు గ్లాసుల మినప్పప్పు నానబోస్తుంది. పొద్దున్నే నానబెట్టి పోతే ఎండాకాలంలో సాయంత్రానికి వాసన వస్తుంది. ఆ ‘1 గం.’ అందుకు. ఆరింటికి రుబ్బడం, నాలుగు గ్లాసుల ఇడ్లీ రవ్వని కడిగి పిండి కలపడం. శనివారం పొద్దునకి పొంగుతుంది, పిల్లలకి ఇడ్లీ. అదే పిండి రాత్రికి దిబ్బరొట్టె. రవ్వ పిండితో పల్చటి దోశ రాదు. కానీ మందంగా, మూకుడులో నూనె వేసి, గరిటెలతో పిండి నింపి, మూతపెట్టి, సిమ్‌లో పావుగంట పైనే వదిలేస్తే, అడుగు ఎర్రగా కరకరలాడుతూ, లోపల ఇడ్లీలా మెత్తగా వచ్చే రొట్టెకి ఆ పిండే కావాలి. ఒకే రుబ్బుడు, ఒకే రోజు, రెండు పూటలు. పిల్లలు అది ఇడ్లీ పిండి అని గుర్తుపట్టనంతగా రుచి వేరు. గోదావరి జిల్లాల్లో దీన్ని చెరకు పానకంతో తింటారు. మా ఇంట్లో అల్లం పచ్చడి. జాబితాలో ఆ వంద గ్రాముల అల్లం ఎందుకుందో ఇప్పుడు తెలుస్తుంది.

ఆ మధ్యగడిలో పనులన్నీ చిన్నవి. సోమవారం ఎదుట ‘ఆకు – ఆదివారం మధ్యాహ్నం – అమ్మ, పాప’ అని ఉంటుంది. టీవీ చూస్తూ అమ్మమ్మలూ నాయనమ్మలూ ఆకుకూర ఒలిచే పని ఎప్పటినుంచో ఉన్నదే. ఒలిచిన ఆకుని కడగకుండా పొడి గుడ్డలో చుట్టి పెడతారు, కడిగేది వండే ముందే. మంగళవారం ఎదుట ‘బెండ కడిగి ఆరబెట్టడం – పొద్దున – అన్నయ్య’ అని లేదు గానీ, అన్నయ్య పేరులో మొదటి అక్షరం ఉంది. తడి ఉన్న బెండకాయ కోస్తే జిగట, పొద్దున్నే కడిగి జల్లెడలో వదిలేస్తే సాయంత్రానికి పొడిగా చేతికొస్తుంది. బుధవారం చపాతీ పిండి బాబు కలుపుతాడు. వాడికి పదమూడేళ్లు. మొదట్లో నీళ్లెక్కువ పోసేవాడట, ఇప్పుడు వాడిదే మెత్తటి పిండి.

ఈ గడి వల్ల ఇంట్లో ఒక పెద్ద మార్పు వచ్చింది, అది కాగితం మీద ఎక్కడా రాసి లేదు. ఇంతకుముందు ఎవరైనా వదినకి సాయం చెయ్యాలంటే ముందు ఏం చెయ్యాలో తననే అడగాలి. అడిగించుకుని, ఆలోచించి, చెప్పి, చూసుకునేసరికి తనే చేసుకోవడం తేలికనిపించేది. ఇప్పుడు ముందుగా ఇంటికి వచ్చినవాళ్లు గోడ చూసి మొదలుపెట్టేస్తారు. మంగళవారాల్లో బ్యాంకు పని ఆలస్యమైతే తను వచ్చేసరికి వేపుడు అయిపోయి ఉంటుంది. తన తలలో ఉన్నదాన్ని గోడ మీదికి దించడంతో, వంట ఎవరు చేసినా జరిగే పని అయింది. ఇంటిపని పంచుకోవాలని మనం ఎన్నో మాటలు చెప్పుకుంటాం. పంచుకోవడానికి వీలుగా పనిని విడగొట్టి రాయడం ఎలాగో ఈ సన్నటి గడి చూపిస్తోంది.

పది నిమిషాల్లో కూరగాయలు ఇంటికి తెచ్చే యాప్‌లు వచ్చాక ఇదంతా ఎందుకు అనేవాళ్లున్నారు. మర్చిపోయిన కరివేపాకు తెప్పించుకోవడానికి అవి బాగానే ఉంటాయి, వదినా వాడుతుంది. కానీ ఆరున్నరకి ఫ్రిజ్ ముందు నిలబడే ఆ రెండు నిమిషాలు అలాగే ఉంటాయి. ఫ్రిజ్‌కి బదులు ఫోన్ తెరిచి నిలబడతాం.

అమెరికాలో డాలస్ దగ్గర ఉండే మా పిన్ని కూతురు ఈ కాగితం ఫొటో తెప్పించుకుని తన ఇంటికి మార్చుకుంది. అక్కడ గోంగూర, మునగకాయ ముక్కలు ఫ్రీజర్లో గడ్డకట్టి దొరుకుతాయి, నెలలు ఉంటాయి. వాటిని వారం జాబితా నుంచి తీసి నెల జాబితాలో వేసేసింది. తాజా పాలకూర మాత్రం అక్కడా సోమవారమే.

ఆ కాగితానికి నిజమైన పరీక్ష కార్తీకమాసంలో వస్తుంది. ఆ నెల ఇంట్లో మాంసం, గుడ్డు ఉండవు, ఉల్లి వెల్లుల్లి ఉండవు. ఆదివారం కోడిపులుసు పోతుంది, బుధవారం గుడ్డు కూర పోతుంది, గురువారం పచ్చిపులుసు ఉల్లి లేక పోతుంది. దీనికి తోడు సోమవారాలు అమ్మ రోజంతా ఉపవాసముండి చుక్కల్ని చూశాకే భోంచేస్తుంది. మిగతా నెలల్లో తేలికగా నడిచే సోమవారం రాత్రి ఆ నెలలో వారం మొత్తానికి పెద్ద భోజనమవుతుంది. వదిన మొదట బుధవారం ఖాళీలో కంద-బచ్చలి పెట్టాలనుకుంది, కార్తీకానికి తగ్గ కూర అని. కంద వారాలు ఆగుతుంది గానీ బచ్చలి బుధవారం దాకా ఆగదు. దాని చోటు సోమవారమే. సోమవారానికే కదా పెద్ద కూర కావలసింది! కంద-బచ్చలి అక్కడికి వెళ్లింది, చివర ఆవపిండి కలిపి. ఆకుకూర పప్పు ఆదివారం రాత్రికి జరిగి కోడిపులుసు ఖాళీని పూడ్చింది. బుధవారానికి నానబెట్టిన శనగల కూర వచ్చి, మంగళవారం ముందుపనిలో ‘శనగలు – రాత్రి’ అని చేరింది. గురువారం అడుగు వరసలో పచ్చిపులుసు స్థానంలో నిమ్మకాయ పులిహోర. కంద చెక్కు తీసేటప్పుడు చేతులు దురద పెడతాయి కాబట్టి అది ఆదివారం మధ్యాహ్నమే, చేతులకి నూనె రాసుకుని అన్నయ్య చేస్తాడు. ముక్కలు చింతపండు పులుసులో ఉడికితే నాలుకకి దురద ఉండదు. ఇవన్నీ కార్తీకం కాగితం మీద ఉన్నాయి. దాని జిరాక్సులు వేరే కవర్లో, దీపావళికి ముందు తీసేలా, పూజ సామాను డబ్బాలో పెట్టి ఉంటాయి.